ప్రతికృతియే పాఠముగా: చిత్రకారుడు రూబెన్స్

పీటర్ పాల్ రూబెన్స్ 1577వ సంవత్సరము జూన్ 28వ తేదీన జర్మనీలోని సీగెన్ పట్టణమున జన్మించినాడు. ఆయన జీవితాంతము గురుస్థానమున నిలుపుకొన్న టిషియన్ అంతకు ముందటి సంవత్సరము ఆగస్టు మాసముననే వెనిస్‌లో మరణించినాడు. ఈ గురుశిష్యులు ఒకరినొకరు ఎరుగరు. తైలవర్ణముల మర్మము శిష్యునకు పటముల ద్వారముననే సంక్రమించినది.

తండ్రి 1587లో గతించిన పిమ్మట తల్లి పిల్లలతో ఆంట్వెర్ప్ చేరినది. అచ్చట రూబెన్స్ లాటిన్ పాఠశాలలో చదివినాడు. హోల్బైన్ కొయ్య అచ్చుబొమ్మలను చూచి గీయుట ఆయన బాల్యాభ్యాసము. ముగ్గురు గురువులకు శుశ్రూష చేసి, 1598లో చిత్రకారుల శ్రేణిలో స్థానము పొంది, 1600లో ఇటలీకి పయనమై మంటువా ప్రభువు విన్సెంజో గొంజాగా కొలువున ప్రవేశించినాడు. ఆ సంస్థానపు చిత్రసంపదలో టిషియన్ కృతులు పెక్కు కలవు.

తైలవర్ణము నీటిరంగువలె వెంటనే ఆరదు. ముఖచిత్రమున చర్మచ్ఛాయ ఒక్క పూతతో సిద్ధింపదు. అడుగున చిక్కని లేతరంగు వేసి, అది ఆరిన పిదప నూనెతో పలుచన చేసిన పారదర్శకమైన పూతలను ఒకదానిపై నొకటి వేయవలెను. పూర్తియైన పటమున ఈ క్రమము కంటికి గోచరింపదు. ఏ రంగు ముందో, ఏది వెనుకనో కుంచె పట్టి తిరిగి చిత్రించువానికే తెలియును. రూబెన్స్‌కు ప్రతికృతి రచన చదువైనది అందువలననే.

మంటువా ప్రభుపత్ని ఇసబెల్లా దెస్తె (1474–1539) ఎఱ్ఱని వస్త్రములు ధరించినట్లు టిషియన్ రచించిన రూపచిత్రము నేడు లభ్యము కాదు. రూబెన్స్ చేసిన ప్రతికృతి మాత్రము వియన్నాలో కలదు. మూలము నశించి ప్రతి మిగులుట తాళపత్రములతో పనిచేయు మనకు సుపరిచితమే. లేఖకుడు ఎంతవరకు విశ్వసనీయుడన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను పరీక్షించుటకు మూలమును ప్రతియు రెండును మిగిలిన పటము కావలెను. అట్టిది మాడ్రిడ్‌లో కలదు. 1628 సెప్టెంబరులో రూబెన్స్ దౌత్యకార్యముపై స్పెయిన్ రాజధానికి వచ్చినాడు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. యూరప్ అంతటను ప్రసిద్ధుడు. అయినను నాల్గవ ఫిలిప్ ప్రాసాదమున టిషియన్ పటముల ముందు విద్యార్థివలె నిలిచి, 1629 వసంతము వరకు వాటికి ప్రతులు చిత్రించినాడు. ఆస్థాన చిత్రకారుడైన యువకుడు వెలాస్క్వెజ్‌కు ఆయన సాహచర్యము లభించినది అప్పుడే.

ఆనాటి ప్రతులలో ఆదాము హవ్వల పటము ఒకటి. టిషియన్ ఆదాము వెనుకకు వాలి కూర్చుండగా రూబెన్స్ ఆదాము కండలు తిరిగిన దేహముతో ముందుకు వంగినాడు. మూలమున లేని ఎఱ్ఱని చిలుక ఒకటి వృక్షముపై చేరినది. కావున ఇసబెల్లా చిత్రమునందలి ప్రతి రేఖను టిషియన్‌దే యని నమ్ముట సాహసము. లేఖకుడు పండితుడైనచో పాఠము మరింత చిక్కులో పడునని గ్రంథపరిష్కర్తలు ఎరుగుదురు!

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతమున కావ్యసంవాదమును ప్రతిబింబమువంటిది, ఆలేఖ్యమువంటిది, తుల్యదేహివంటిది అని మూడుగా విభజించి, మొదటి రెండును కవికి త్యాజ్యములనినాడు. వాటినే రూబెన్స్ అభ్యాసముగా గ్రహించినాడు. మూడవది ఆయనకు ఆలస్యముగా, ఆ దారినే లభించినదని మా అభిప్రాయము. రోమచర్మవస్త్రము కప్పుకొన్న యువతిని టిషియన్ చిత్రించిన పటము అప్పుడు ఇంగ్లండు రాజుకడ నుండెను. 1629–30లో లండన్‌లో నున్నప్పుడు రూబెన్స్ దానికి ప్రతి చేసినాడు. 1630 డిసెంబరులో హెలెనా ఫూర్మెంట్‌ను ద్వితీయవివాహము చేసికొన్నాడు. కొన్ని సంవత్సరముల పిదప అట్టి రోమచర్మవస్త్రముతోనే ఆమె రూపమును రచించినాడు. అది ప్రతి కాదు. భంగిమలో టిషియన్ కలడు, ప్రాణము హెలెనాది.

1640 మే 30న ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ మరణించునాటికి తాను చేసిన టిషియన్ ప్రతులు పెక్కు ఆయన ఇంటనే యుండెను. వాటిలో కొన్నింటిని నాల్గవ ఫిలిప్ కొనినాడు. ఆదాము హవ్వల మూలమును, ప్రతియు నేడు మాడ్రిడ్‌లోని ప్రాడో సంగ్రహాలయమున కలవు.