చూసి గీసినదే నిలిచింది: పియెర్ సొన్నెరా జీవితం

సారం (పుదుచ్చేరి): సారం వంటి నాటి శివారు గ్రామాలు నేడు పుదుచ్చేరి పట్టణంలో కలిసిపోయాయి. రెండున్నర శతాబ్దాల క్రితం ఈ తీరంలోని మగ్గాలనూ కొలుములనూ బొమ్మలుగా పదిలపరచిన ఫ్రెంచి యాత్రికుడు పియెర్ సొన్నెరా. తెలుగువారికి ఆయన యానాం పాలకుడిగానూ చిరపరిచితుడు కావలసినవాడు.

1748లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జన్మించిన సొన్నెరా, ఇరవయ్యేళ్ల ప్రాయంలో మారిషస్ చేరి, అక్కడి పాలనాధికారి పియెర్ ప్వావ్ర్ వద్ద ఉద్యోగంలో కుదిరాడు. వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సన్ సాహచర్యం ఆయనను ప్రకృతి పరిశీలకుడిగా తీర్చిదిద్దింది.

1776లో వెలువరించిన న్యూగినీ యాత్రాగ్రంథం ఆయనకు పేరుతోపాటు అపఖ్యాతినీ తెచ్చింది. ఆయన ఆ దీవి ప్రధాన భూభాగంపై అడుగుపెట్టలేదని తరువాతి పండితులు తేల్చారు. అక్కడివని ఆయన చిత్రించిన పెంగ్విన్లు అక్కడ లేనేలేవు. అయినా ఆ పొరపాటు ఒక పెంగ్విన్ శాస్త్రీయ నామంలో ‘పపువా’గా నేటికీ నిలిచి ఉంది.

1774 నుంచి 1781 వరకు సాగిన భారత, చైనా యాత్రల ఫలం వేరు. 1782లో రెండు సంపుటాలుగా అచ్చయిన ఆ గ్రంథంలో 140 చిత్రఫలకాలున్నాయి. దేవతామూర్తులు, పక్షులు, మొక్కల సరసన నేతగాడు, వడ్రంగి, కమ్మరి తమ పనిముట్లతో కనిపిస్తారు. ఆయన గీసిన చిత్రాలను రాగిరేకులపై చెక్కి ముద్రించారు.

అంతకు పదేళ్ల ముందే, 1772 నాటికి, దిదెరో విజ్ఞానసర్వస్వం ఫ్రెంచి కర్మశాలల యంత్రాలను పదకొండు చిత్రసంపుటాల్లో చూపింది. పరాయి దేశపు పనిముట్టును గీయడం అంతకన్నా కష్టం. గుంట మగ్గంలో కాలితో తొక్కే బద్దలు గుంటలోనే ఉంటాయి. అవి పడుగును విడదీస్తే గాని నాడె దూరదు. ఏ తాడు దేనిని లాగుతుందో తెలియకుండా గీత వేస్తే, మగ్గం కాస్తా కర్రల కుప్పవుతుంది. అందుకే ఇటువంటి చిత్రానికి చేతి నేర్పుకన్నా ముందు పనివాని పక్కన కూర్చునే ఓర్పు కావాలి.

1790ల ఆరంభంలో సొన్నెరా యానాం వ్యవహారాలు చూశాడు. అది వస్త్ర వ్యాపారానికి నెలవైన ఫ్రెంచి స్థావరం. 1793లో ఐరోపా యుద్ధం ఇక్కడికీ పాకింది. ఆంగ్లేయులకు బందీగా చిక్కిన ఆయన దాదాపు ఇరవయ్యేళ్లు నిర్బంధంలో గడిపాడు. 1813లో విడుదలై స్వదేశం చేరి, 1814లో పారిస్‌లో కన్నుమూశాడు.

దక్షిణాది బూడిదరంగు అడవికోడి శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది. యానాం చేరువలోని కోరింగ మడ అడవుల్లో పెరిగే ఒక వృక్షజాతికీ ‘సొన్నెరాషియా’ అనే పేరే. చూడని దేశపు పక్షులు ఆయన మాటను శంకకు లోను చేశాయి. చూసి గీసిన పనివారు మాత్రం నాటి కోరమాండల్ తీరపు శ్రమకు అరుదైన సాక్ష్యంగా మిగిలారు.