గాలిమరల వీరుణ్ణి సృష్టించిన సైనికుడు: సెర్వాంటెస్ జీవితగాథ

1590 మే నెలలో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కొలువుకు ఒక అర్జీ చేరింది. పంపినది నలభై రెండేళ్ల మాజీ సైనికుడు. అమెరికా ఖండంలోని స్పానిష్ వలసల్లో ఖాళీగా ఉన్న నాలుగు ఉద్యోగాల్లో ఏదో ఒకటి తనకు ఇప్పించమని ఆయన వేడుకున్నారు. యుద్ధంలో గాయపడి ఒక చేయి పనికిరాకుండా పోయిందనీ, ఏళ్ల తరబడి శత్రువుల చెరలో మగ్గాననీ, ఇంత సేవకూ ప్రతిఫలం దక్కలేదనీ అందులో విన్నవించుకున్నారు. కొద్ది రోజులకే ఆ అర్జీ తిరస్కారానికి గురైంది. స్వదేశంలోనే ఏదైనా పని వెతుక్కోమన్నది దానిమీద అధికారి రాసిన ముక్క సారాంశం.

ఆ అర్జీదారు పేరు మిగెల్ దె సెర్వాంటెస్. కోరిన ఉద్యోగం దొరికి ఉంటే ఆయన గ్వాటెమాలాలోనో, ఆండీస్ పర్వతాల నడుమ లా పాజ్ పట్టణంలోనో ప్రభుత్వ కొలువు చేసుకుంటూ జీవితం గడిపేవారేమో. ఉద్యోగం రాలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆయన కలం నుంచి డాన్ క్విక్సోట్ వెలువడింది. పుస్తకాలు చదివి చదివి మతి చలించిన ఒక బక్కపలచటి ముసలి వీరుడి సాహసయాత్ర అది. నాలుగు శతాబ్దాలుగా ప్రపంచం ఆ కథ చదివి నవ్వుతూనే ఉంది. అయితే ఆ నవ్వు వెనుక నిజమైన సాహసం చేసి, దానికి గుర్తింపు నోచుకోని ఒక మనిషి జీవితం ఉంది.

అప్పుల ఇంట పుట్టిన బిడ్డ

మాడ్రిడ్ నగరానికి చేరువలోని ఆల్కలా దె ఎనారెస్ అనే విద్యాపట్టణంలో 1547లో సెర్వాంటెస్ జన్మించారు. ఆ ఏడాది అక్టోబర్ 9న ఆయనకు జ్ఞానస్నానం జరిగినట్టు చర్చి దస్తావేజుల్లో నమోదై ఉంది. తండ్రి రొద్రిగో విరిగిన ఎముకలు సరిచేయడం, గాయాలకు కట్లు కట్టడం వంటి చిన్నపాటి వైద్యంతో కుటుంబాన్ని పోషించేవారు. రాబడి చాలక అప్పులపాలై ఒకసారి జైలుకు కూడా వెళ్లారు. అప్పులవాళ్ల తాకిడికి ఆ కుటుంబం ఊరు వెంట ఊరు మారుతూ వచ్చింది.

సెర్వాంటెస్ విశ్వవిద్యాలయంలో చదివిన దాఖలా లేదు. మాడ్రిడ్‌లో హువాన్ లోపెజ్ దె ఓయోస్ అనే పండితుని వద్ద కొంతకాలం విద్యాభ్యాసం చేశారు. 1569లో ఆ గురువు వెలువరించిన సంస్మరణ సంపుటంలో శిష్యుని తొలి పద్యాలు అచ్చయ్యాయి. చదువు తక్కువైనా చదివే యావ మాత్రం మిక్కుటం. వీధిలో పడి ఉన్న చిరిగిన కాగితపు ముక్కలను సైతం వదలకుండా చదివే అలవాటును డాన్ క్విక్సోట్ కథకునికి ఆయన ఆపాదించారు. అది ఆయన సొంత అలవాటేనని పాఠకులు చిరకాలంగా నమ్ముతున్నారు.

జ్వరంతో యుద్ధానికి

పద్యాలు అచ్చయిన సంవత్సరంలోనే ఆయన ఇటలీ చేరుకున్నారు. రోమ్‌లో అక్వావీవా అనే మతాధికారి ఇంట కొన్నాళ్లు కొలువు చేసి, ఆపై స్పానిష్ సైన్యంలో చేరారు. 1571 అక్టోబర్ 7న గ్రీసు పశ్చిమ తీరాన లెపాంటో వద్ద క్రైస్తవ రాజ్యాల కూటమికీ, ఒట్టోమన్ తురుష్క సామ్రాజ్యానికీ భీకర నౌకాయుద్ధం జరిగింది. ఇరుపక్షాలా రెండేసి వందలకు పైగా ఓడలు మోహరించాయి.

ఆనాడు సెర్వాంటెస్ మార్కేసా అనే ఓడలో తీవ్ర జ్వరంతో పడి ఉన్నారు. కింది అరలో విశ్రాంతి తీసుకోమని పై అధికారీ, తోటివారూ నచ్చజెప్పినా వినలేదు. దాడికి అందరికంటే ముందు గురయ్యే చోట నిలబడి పోరాడారు. రొమ్ములో రెండు గుళ్లు దిగాయి. మూడో గుండు ఎడమచేతిని శాశ్వతంగా చచ్చుబడేలా చేసింది. మెస్సీనా నగరంలోని ఆసుపత్రిలో నెలల తరబడి చికిత్స పొంది, కోలుకోగానే తిరిగి సైన్యంలో చేరారు. ఆ గాయాన్ని ఆయన జీవితాంతం గర్వంగానే చెప్పుకున్నారు.

అల్జీర్స్ చెరలో ఐదేళ్లు

1575 సెప్టెంబర్‌లో తమ్ముడు రొద్రిగోతో కలిసి నేపుల్స్ నుంచి స్వదేశానికి ఓడలో బయలుదేరారు. సేనాధిపతి డాన్ హువాన్ రాసి ఇచ్చిన సిఫారసు లేఖ ఆయన దగ్గర ఉంది. దానితో రాజుగారి కొలువులో మంచి పదవి దొరుకుతుందని ఆశ. తీరం చేరువయ్యే వేళ సముద్రపు దొంగలు ఓడను పట్టుకున్నారు. ప్రయాణికులను బందీలుగా ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ రేవుకు తరలించారు.

మేలు చేస్తుందనుకున్న లేఖే అక్కడ ఆయన మెడకు చుట్టుకుంది. ఇంత పెద్దవారి సిఫారసు ఉన్నవాడు గొప్ప వంశీకుడై ఉంటాడని దొంగలు తలపోశారు. విడుదలకు ఐదు వందల బంగారు ఎస్కూడోలు చెల్లించాలని పట్టుబట్టారు. అప్పులతో సతమతమయ్యే కుటుంబానికి అది తలకు మించిన మొత్తం. పోగైన కొద్ది సొమ్ముతో 1577లో తమ్ముడు మాత్రం విడుదలయ్యాడు.

సెర్వాంటెస్ నాలుగు సార్లు పారిపోయే ప్రయత్నం చేశారు. మొదటిసారి దారి చూపుతానన్నవాడు నట్టనడుమ విడిచిపోయాడు. రెండోసారి తోటి బందీలను ఒక తోటలోని గుహలో నెలల తరబడి దాచి, రక్షించే ఓడ కోసం ఎదురుచూశారు. నమ్మినవాడే ఆ గుట్టు బయటపెట్టాడు. మూడోసారి సాయం కోరుతూ పంపిన ఉత్తరాలు దొరికిపోయాయి. వాటిని మోసుకెళ్లిన మనిషిని పాలకులు దారుణంగా చంపించారు. నాలుగోసారి అరవై మందితో తప్పించుకునేందుకు పన్నిన పథకాన్ని తోటి స్పానియార్డే వెల్లడి చేశాడు. బయటపడిన పథకాల నేరాన్ని ఆయన తన నెత్తినే వేసుకున్నారు. అంతటి కఠినుడైన అల్జీర్స్ పాలకుడు హసన్ పాషా ఈయన ప్రాణం ఎందుకు తీయలేదన్నది చరిత్రకారులకు నేటికీ అంతుపట్టని విషయం.

1580 సెప్టెంబర్‌లో హసన్ పాషా పదవీకాలం ముగిసి కాన్‌స్టాంటినోపుల్‌కు పయనమయ్యాడు. సంకెళ్లతో సెర్వాంటెస్‌నూ ఓడ ఎక్కించారు. ఆ ఓడ కదిలితే ఆయన స్వదేశాన్ని మళ్లీ చూడడం కల్ల. బందీల విమోచన కోసమే ఏర్పడిన ట్రినిటేరియన్ సన్యాసి సంఘానికి చెందిన ఫ్రే హువాన్ గిల్ చివరి క్షణాల్లో తక్కువపడిన సొమ్మును వర్తకుల వద్ద పోగుచేసి, విమోచనధనం చెల్లించి విడిపించారు.

ధాన్యం లెక్కలు, జైలు గోడలు

స్పెయిన్‌లో వీరునికి స్వాగతం పలికినవారు లేరు. సెర్వాంటెస్ నాటకాలు రాశారు. అయితే అచిరకాలంలోనే రంగస్థలాన్ని లోపె దె వేగా అనే మహా ప్రతిభావంతుడు ఆక్రమించుకున్నాడు. 1584లో ఎస్కీవియాస్ గ్రామానికి చెందిన కతలీనాతో వివాహమైంది. మరుసటి ఏడు లా గలతేయా అనే తొలి నవల వెలువడింది. అది పేరు తెచ్చినా కూడు పెట్టలేదు.

1587 నుంచి ఇంగ్లాండుపై దండెత్తబోయే నౌకాదళానికి గోధుమలు, నూనె సేకరించే ఉద్యోగిగా అందలూసియా పల్లెల్లో తిరిగారు. రైతులకు ఆయన ముఖం చూస్తేనే గుబులు. చర్చికి చెందిన ధాన్యాన్ని స్వాధీనం చేసుకున్నందుకు మతబహిష్కారానికి గురయ్యారు. అమెరికా ఉద్యోగం కోసం అర్జీ పెట్టినది ఈ విసుగులోనే. అది తిరస్కృతమైన తర్వాత పన్ను బకాయిల వసూలు పని దక్కింది. వసూలైన సొమ్మును దాచిన వడ్డీవ్యాపారి దివాలా తీయడంతో 1597లో సెర్వాంటెస్‌ను సెవిల్ జైలులో పెట్టారు. తన కథకు ఒక చెరసాలలో బీజం పడిందని ఆయన నవల పీఠికలో సూచించారు. అది ఈ జైలేనని చాలామంది పండితుల అభిప్రాయం.

తలకు పళ్లెం, కంటికి రాక్షసులు

1605 ఆరంభంలో మాడ్రిడ్‌లో హువాన్ దె లా క్వెస్తా ముద్రణాలయం నుంచి డాన్ క్విక్సోట్ మొదటి భాగం విడుదలైంది. రచయిత వయసు అప్పటికి యాభై ఏడు. కథానాయకునికీ దాదాపు యాభై ఏళ్లే. లా మంచా ప్రాంతంలోని ఒక పల్లెటూరి పెద్దమనిషి పొలాలమ్మి వీరగాథలు కొంటాడు. రాత్రింబవళ్లు చదివి, తానూ సంచార వీరుణ్ణి కావాలని నిశ్చయించుకుంటాడు. తాతల నాటి తుప్పుపట్టిన కవచం తొడుగుతాడు. డొక్కలెండిన గుర్రానికి రోసినాంటె అని ఘనమైన పేరు పెడతాడు. క్షురకుని ఇత్తడి పళ్లెం అతనికి మంత్రశక్తి గల శిరస్త్రాణం. పూటకూళ్ల ఇల్లు రాజకోట. గాలిమరలు చేతులు చాచిన రాక్షసులు. వెంట గాడిదనెక్కి వచ్చే సాంచో పాంజా అనే రైతు మాత్రం ఉన్నది ఉన్నట్టు చూస్తాడు. ఒక దీవికి అధిపతిని చేస్తానన్న యజమాని మాట నమ్మి, దెబ్బలు తింటూనే నడుస్తాడు.

ఇదంతా కల్పనే అయినా, రచయిత జీవితం సందు దొరికినప్పుడల్లా తొంగిచూస్తుంది. గొలుసులతో ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పోతున్న ఖైదీలను డాన్ క్విక్సోట్ విడిపిస్తాడు. స్వేచ్ఛ పొందినవాళ్లే అతనిపై రాళ్లు రువ్వుతారు. అల్జీర్స్ చెర నుంచి బయటపడిన ఒక సైనికుని కథా నవల మధ్యలో వస్తుంది. తనను చెరపట్టినది అరబ్బుల నగరమైనా, ఈ కథకు మూల రచయిత సీదే అమేతె అనే అరబ్బు చరిత్రకారుడని సెర్వాంటెస్ చమత్కారంగా కల్పించారు.

వీరత్వం ఎంత ఖరీదైనదో, దానికి లోకం ఎంత తక్కువ వెలకడుతుందో ఎరిగిన మనిషి వీరుణ్ణి ద్వేషంతో చిత్రించి ఉండవచ్చు. సెర్వాంటెస్ అలా చేయలేదు. డాన్ క్విక్సోట్ కింద పడ్డ ప్రతిసారీ పాఠకుడు నవ్వుతాడు. అతడు తిరిగి లేవాలని కూడా కోరుకుంటాడు.

రచయితను మించి ప్రయాణించిన పుస్తకం

నవల వెంటనే జనాదరణ పొందింది. అదే ఏడాది పొరుగున ఉన్న లిస్బన్‌లో అనుమతి లేని ముద్రణలు వెలువడ్డాయి. వందల ప్రతులు ఓడలెక్కి అమెరికా వలసలకూ చేరాయి. రచయితను రానివ్వని ఖండంలోకి ఆయన పుస్తకం ప్రవేశించింది. హక్కులను ముందే ప్రచురణకర్తకు అమ్మేసినందువల్ల లాభం మాత్రం ఆయనకు అందలేదు. 1612లో థామస్ షెల్టన్ ఆంగ్లానువాదం ప్రచురితమైంది.

కాలక్రమంలో ఈ కథ భారతదేశానికీ వచ్చింది. లక్నోకు చెందిన ఉర్దూ రచయిత రతన్‌నాథ్ సర్షార్ దీనిని ఖుదాయీ ఫౌజ్‌దార్ పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. ఆయన చివరి సంవత్సరాలు హైదరాబాదులో గడిచాయి. 1930ల్లో కార్ల్ కెల్లర్ అనే అమెరికన్ పుస్తక సేకర్త కోరికపై, పురాతత్వవేత్త ఆరెల్ స్టెయిన్ చొరవతో, కాశ్మీర పండితులు నిత్యానంద శాస్త్రి, జగద్ధర్ జాడూ కొన్ని అధ్యాయాలను ఆంగ్లం మీదుగా సంస్కృతంలోకి అనువదించారు. హార్వర్డ్ గ్రంథాలయంలో దశాబ్దాల పాటు మరుగునపడిన ఆ రాతప్రతి 2019లో పుస్తకంగా వెలుగుచూసింది.

దొంగ రెండో భాగం, అసలు ముగింపు

సెర్వాంటెస్ రెండో భాగం రాస్తుండగానే, 1614లో అవెయానెదా అనే మారుపేరుతో ఎవరో దొంగ రెండో భాగాన్ని వెలువరించారు. పీఠికలో సెర్వాంటెస్ ముసలితనాన్నీ, చచ్చుబడిన చేతినీ హేళన చేశారు. మరుసటి ఏడాది అసలు రెండో భాగం వచ్చింది. ఆ చేయి కల్లుదుకాణంలో కాదు, మహాయుద్ధంలో గాయపడిందని ఆయన హుందాగా బదులిచ్చారు. దొంగ పుస్తకంలోని వీరుడు సరగోసా నగరానికి వెళ్లాడని తెలిసి, అది అబద్ధమని చాటేందుకు అసలు డాన్ క్విక్సోట్ బార్సిలోనా దారి పడతాడు. ఇందులోనే సాంచో కొన్నాళ్లపాటు ఒక ఊరిని పాలించి, చదువురాని బుర్రతోనే చక్కటి తీర్పులు చెబుతాడు. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన ముస్లిం మూలాల పొరుగువాడు రికోతె దొంగచాటుగా తిరిగివచ్చి, సాంచోతో కలిసి భోంచేస్తాడు. ఆ కుటుంబాల బహిష్కరణ అప్పటికి కొద్ది ఏళ్ల కిందటి సంఘటనే. చివరికి డాన్ క్విక్సోట్‌కు మతి కుదురుతుంది. మంచం పట్టిన యజమానిని మళ్లీ సాహసయాత్రకు రమ్మని సాంచో కన్నీళ్లతో బతిమాలతాడు.

ఆనాటికి రచయిత ఆరోగ్యమూ క్షీణించింది. 1616 ఏప్రిల్‌లో తన ఆఖరి నవల పెర్సీలెస్‌కు అంకితవాక్యాలు రాసి ముగించారు. కొద్ది రోజులకు, ఏప్రిల్ 22న, మాడ్రిడ్‌లో కన్నుమూశారు. ఏప్రిల్ 23న అంత్యక్రియలు జరిగాయి. యునెస్కో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఎంచుకున్న తేదీ అదే.

ఆయనను ఖననం చేసినది మాడ్రిడ్‌లోని ట్రినిటేరియన్ సన్యాసినుల మఠంలో. ముప్పై ఆరేళ్ల కిందట అల్జీర్స్ రేవులో, కదలబోతున్న ఓడ నుంచి ఆయన సంకెళ్లు విప్పించి దించినది ఆ ట్రినిటేరియన్ల సంఘమే.