నక్షత్రముల కొలత నెఱిగిన వైను బప్పు

అరసవల్లి సూర్యనారాయణస్వామిని సేవించు మన ప్రాంతమువారికి సూర్యుడు ప్రత్యక్షదైవము. జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు మనకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రము. సూర్యునికంటె ఎన్నో రెట్లు పెద్దవైన మహానక్షత్రములును గగనమున గలవు. త్రాసుకును గజముకును అందని వాని పరిమాణము నెఱుగుట యెట్లు? ఇందుకొక మార్గము చూపినవారిలో వైను బప్పుగారు ముఖ్యులు.

వీరు 1927 ఆగస్టు 10వ తేదీన మదరాసులో జన్మించిరి. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచే బాల్యమునుండియు దూరదర్శినుల నడుమ పెరిగిరి. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. 1949 జూలైలో ఒక తోకచుక్కను కనుగొనిరి. 1952లో డాక్టరు పట్టమును పొందిరి.

పిమ్మట ఓలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలసి వీరు చేసిన పరిశోధన 1957లో ప్రకటితమయ్యెను. వేడిమి తక్కువగల నక్షత్రముల వర్ణపటమున ఊదారంగు కొసన కాల్షియమువలన నల్లని గీత యేర్పడును. దాని నడుమ సన్నని వెలుగుగీత కానవచ్చును. నక్షత్రముయొక్క సహజకాంతి యెంత అధికమో ఆ వెలుగుగీత అంత వెడల్పుగా నుండునని వారు నిరూపించిరి. సహజకాంతి తెలిసినచో దూరమును, వేడిమితో జోడించి చూచినచో పరిమాణమును లెక్కింపవచ్చును.

ఒక లెక్క సరియైనదో కాదో మరియొక లెక్కతో సరిచూచినగాని తేలదు. 1989లో ప్రయోగింపబడిన హిప్పార్కస్ ఉపగ్రహము నక్షత్రదూరములను కొలిచిన పిమ్మట, ఈ సంబంధము మరల పరీక్షకు నిలిచెను. నేడు నక్షత్రముల స్పందనములనుబట్టియు మహానక్షత్రముల బరువును, కైవారమును గణించుచున్నారు. 2009లో ఎగసిన కెప్లర్ దూరదర్శిని ఇందుకు తోడ్పడెను. అయితే పరస్పరము గ్రహణము పట్టించుకొను జంటనక్షత్రములతో సరిచూడగా, ఆ లెక్క బరువును నూటికి 15 వంతులు, వ్యాసార్ధమును 5 వంతులు ఎక్కువ చూపుచున్నదని 2016లో తేలెను. కావున సరిచూచు పని నేటికిని సాగుచునే యున్నది.

విదేశమున కీర్తి లభించినను బప్పుగారు 1953లో స్వదేశమునకు మరలిరి. నైనితాలు వేధశాలను నెలకొల్పి, 1960లో కొడైకెనాలు వేధశాలకు అధిపతులైరి. తమిళదేశమున కావలూరు కొండలలో నూతన వేధశాలను స్థాపించి, 1972లో 102 సెంటీమీటర్ల దూరదర్శినిని నెలకొల్పిరి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికైరి. 234 సెంటీమీటర్ల దూరదర్శినిని మనదేశముననే నిర్మింపజేయ సంకల్పించి, అది పూర్తికాకమునుపే 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిచ్ నగరమున పరమపదించిరి. 1986లో దానికి వారి పేరే పెట్టిరి.

తాను చూడనోచుకొనని పనిముట్టును ముందుతరములకు సమకూర్చుటయే వారి జీవితమునకు పరమార్థము. గ్రంథాలయమును స్థాపించిన పెద్దలకును ఈ ధర్మము తెలియనిది కాదు.