తెర తీయగానే గిరీశం

గురజాడ అప్పారావు గారు 1862లో విశాఖపట్నం జిల్లా రాయవరంలో జన్మించారు. విజయనగరంలో చదువుకొని, అక్కడే కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో కొందరు డబ్బు తీసుకొని చిన్నపిల్లలను ముసలివారికి కట్టబెట్టేవారు. ఆ దురాచారంపై ఆయన రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కింది. 1909లో దాన్ని పెంచి తిరగరాశారు.

అందులో తెర తీయగానే నాందీ ప్రార్థన ఉండదు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా కనిపిస్తాడు. పూటకూళ్ళమ్మ సరుకులు తెమ్మని ఇచ్చిన డబ్బు వాడేసుకొని, ఇక ఊరు విడిచిపోవాలని వాడుక భాషలోనే తనలో తాను అనుకుంటాడు. వీడు ఎక్కడికి పోతాడోనని మనకు ఆత్రం పుడుతుంది. నవ్వుకుంటూనే అతని వెంట శిష్యుడు వెంకటేశం ఇంటికి చేరుతాం. అక్కడ వెంకటేశం చెల్లెలు సుబ్బికి ముసలివాడితో పెళ్ళి నిశ్చయమైందని తెలిసి, మన నవ్వు ఆగిపోతుంది.

గురజాడ 1915లో కన్నుమూశారు. గిరీశం మాత్రం నేటికీ వేదిక ఎక్కుతూనే ఉన్నాడు.