హష్మత్ జంగ్ ఇల్లు: నానీకీ మనవరాలికీ మధ్య 35 ఏళ్లు ఒక్క ఖత్ కూడా లేదు

జెద్దాలోనో, దుబాయ్‌లోనో, చికాగోలోనో ఒక మనిషి లేని కుటుంబం మనలో తక్కువ. రాత్రి ఇషా అయ్యాక వీడియో కాల్ వస్తేనే ఇంట్లో అమ్మీకి నిద్ర పడుతుంది. అయితే చాలా ఇళ్లలో ఈ ఖైరియత్ అంతా ఒక్క మనిషి చేతుల మీదే నడుస్తుంటుంది. ఫోన్ చేసేది ఆయనే, డబ్బు పంపేది ఆయనే, అక్కడి పిల్లల సంగతి ఇక్కడ నానీకి చెప్పేది కూడా ఆయనే. మరి ఆ మనిషే లేకపోతే?

ఈ ప్రశ్నకు జవాబు మన హైదరాబాద్ చరిత్రలోనే ఉంది. 200 ఏళ్ల క్రితం మన ఊళ్లో పరదేశీగా బతికిన ఒక ఇంగ్లీషు దొర కథ అది. పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్. నిజాం దర్బార్ ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. కోఠీ విమెన్స్ కాలేజీలో పెద్ద పెద్ద స్తంభాలతో కనిపించే ఆ పాత రెసిడెన్సీ భవనం ఆయన కట్టించిందే. ఖైరున్నిసా బేగంతో ఆయన ప్రేమ గురించి ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత వాళ్ల పిల్లలకు ఏమైందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువే.

తల్లి లేని పిల్లవాడు

కిర్క్‌ప్యాట్రిక్ పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు, మద్రాసులో, 1764లో. తండ్రి కంపెనీ సైన్యంలో అధికారి. జేమ్స్ ఇంకా పసివాడిగా ఉండగానే తల్లి చనిపోయింది. అప్పటి ఇంగ్లీషు కుటుంబాల రివాజు ప్రకారం పిల్లవాడిని ఓడ ఎక్కించి ఇంగ్లండ్ పంపేశారు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణం అయిదారు నెలలు. ఉత్తరం వెళ్లి జవాబు తిరిగి రావాలంటే ఇంచుమించు ఏడాది. అంటే అమ్మానాన్నలు ఇక్కడ, పిల్లలు అక్కడ. సంవత్సరాల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. హిందుస్తాన్‌లో నౌకరీ చేసే ఇంగ్లీషువాళ్లకు ఇది మామూలు సంగతి.

1779లో 15 ఏళ్ల వయసులో జేమ్స్ కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు తిరిగొచ్చాడు. కొంతకాలం విజయనగరం కోటలో పనిచేశాడు. తర్వాత హైదరాబాద్‌కు వచ్చాడు. అప్పుడు ఇక్కడ బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్నది ఆయన సవతి అన్న విలియం. అన్న ఆరోగ్యం పాడవడంతో ఆ కుర్చీ తమ్ముడికి దక్కింది. 1798లో నిజాంతో ఒప్పందం కుదిర్చి, ఇక్కడున్న ఫ్రెంచ్ దళాన్ని రక్తపాతం లేకుండా నిరాయుధం చేయించడంతో కలకత్తాలో ఆయన పేరు మోగిపోయింది.

హైదరాబాద్‌లో రోజువారీ జీవితం

ఆయన ఫార్సీ, హిందుస్తానీ బాగా నేర్చుకున్నాడు. ఇంట్లో మొఘలాయీ దుస్తులు వేసుకునేవాడు, హుక్కా పీల్చేవాడు. 1801లో హైదరాబాద్ మీదుగా వెళ్లిన ఒక కుర్ర ఇంగ్లీషు అధికారి ఆయన మీసాలనూ, గోరింటాకు పెట్టుకున్న వేళ్లనూ చూసి ఆశ్చర్యపోయి డైరీలో రాసుకున్నాడు. నిజాం అలీ ఖాన్, ఆయన ప్రధాని అరిస్తు జాహ్ ఇద్దరూ ఆయన్ని కొడుకులా చూసుకున్నారు.

అలాగని తనవాళ్లను మరిచిపోలేదు. ఆయన పెద్ద అలవాటు ఖతులు రాయడం. అన్న విలియంకు పేజీలకు పేజీలు రాసేవాడు. ఒకే ఉత్తరంలో రాజకీయం, ఒంటి నొప్పులు, ఇంటి సంగతులు అన్నీ ఉండేవి. పుణేలో రెసిడెంట్‌గా ఉన్న జనరల్ పామర్‌తో రాజకీయాలూ, మామిడిపండ్ల సంగతులూ కూడా నడిచేవి. పామర్ భార్య ఫైజ్ బేగం ఖైరున్నిసాకు మంచి స్నేహితురాలు. ఇంగ్లండ్‌లోని తండ్రికి ఓడల మీద ఉత్తరాలు వెళ్లేవి. ఆ కట్టలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ కథ మనకు తెలిసిందంటే చాలావరకు ఆ కాగితాల వల్లే.

నికాహ్, విచారణ

ఖైరున్నిసా దర్బార్‌లో పలుకుబడి ఉన్న షియా సయ్యద్ కుటుంబం అమ్మాయి. తల్లి షరఫున్నిసా, తాత బాకర్ అలీ ఖాన్. మీర్ ఆలం వాళ్లకు దగ్గర బంధువు. కిర్క్‌ప్యాట్రిక్ ఇస్లాం స్వీకరించి రహస్యంగా నికాహ్ చేసుకున్నాడు. ఈ సంగతి కలకత్తా చేరేసరికి గవర్నర్ జనరల్ వెల్లస్లీ మండిపడి విచారణ వేశాడు. నౌకరీ పోయేదాకా వచ్చింది. చివరికి ఎలాగో నిలబడ్డాడు.

1801 మార్చిలో కొడుకు పుట్టాడు, పేరు సాహిబ్ ఆలం. 1802 ఏప్రిల్‌లో కూతురు నూరున్నిసా, ముద్దుగా సాహిబ్ బేగం. రెసిడెన్సీ ఆవరణలోనే బేగం కోసం రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. పరదాలో ఉండే బేగం కొత్త భవనాన్ని ముందు వైపు నుంచి చూడలేదు కాబట్టి జనానా తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. 1860 ప్రాంతంలో రంగ్ మహల్‌ను కూల్చేశారు. నమూనా మాత్రం కాలేజీ ఆవరణలో మిగిలింది.

పిల్లల్ని పంపడం

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. తల్లి హిందుస్తానీ అయిన పిల్లలకు కంపెనీ కొలువులు ఇవ్వకూడదని అంతకు పదేళ్ల ముందే నిబంధనలు వచ్చాయి. ఇక్కడే పెరిగితే పిల్లలకు ఇంగ్లీషువాళ్ల లోకంలో చోటుండదని తండ్రి భయం. ఇంగ్లండ్‌లో తాతగారి దగ్గర పెరిగితే చదువు వస్తుంది, దారి దొరుకుతుంది అనుకున్నాడు. తనకు చిన్నప్పుడు జరిగిందే తన పిల్లలకూ చేశాడు. పిల్లల భవిష్యత్తు కోసమే అనుకున్నాడు. మన దగ్గర ఏ తండ్రిని అడిగినా ఇదే మాట చెప్తాడు కదా.

1805లో పిల్లలు మద్రాసు చేరారు. అక్కడ జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఇద్దరినీ నిలబెట్టి, హైదరాబాదీ దుస్తుల్లో నిలువెత్తు చిత్రం గీశాడు. సెప్టెంబర్‌లో రెసిడెన్సీ డాక్టర్ భార్య తోడుగా వాళ్లు ఓడ ఎక్కారు. పిల్లవాడికి నాలుగేళ్లు, పాపకు మూడేళ్లు. వీడ్కోలు వేళ తల్లి జుట్టు పీక్కుంటూ ఏడ్చిన ఏడుపు ఆ పాపకు జన్మంతా గుర్తుండిపోయింది.

అప్పటికే జబ్బుతో ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ కొత్త గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌ను కలవడానికి కలకత్తా వైపు బయల్దేరాడు. కార్న్‌వాలిస్ అక్టోబర్ 5న గాజీపూర్‌లో చనిపోయాడు. పది రోజులకు, అక్టోబర్ 15న కిర్క్‌ప్యాట్రిక్ కూడా కలకత్తాలో కన్నుమూశాడు. వయసు 41. పిల్లలు అప్పటికి సముద్రం మీద ఉన్నారు. భార్య హైదరాబాద్‌లో ఉంది, ఆమెకు 19 ఏళ్లు.

వీలునామాలో లేనిది

ఆయన వీలునామా రాసే ఉంచాడు. బేగంకు సొంత జాగీర్లు, నగలు ఉన్నాయి కాబట్టి ఆస్తి పెద్దగా ఇవ్వక్కర్లేదని రాసి, ప్రేమకు గుర్తుగా 10,000 హైదరాబాదీ రూపాయలు రాశాడు. డబ్బు లెక్క వరకు తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పిల్లల కబురు తల్లికి ఎవరు చేరవేయాలన్న సంగతి ఆయన వెనుక ఎవరి మీదా పడలేదు. హైదరాబాద్ జనానాకూ, ఇంగ్లండ్‌లోని ఇంటికీ మధ్య ఉన్న వంతెన ఆయన ఒక్కడే. రెండు వైపుల భాషలూ, మనుషులూ తెలిసింది ఆయనకే. ఆయన పోగానే దారి మూసుకుపోయింది.

1806 మార్చి 25న లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహిబ్ బేగం కేథరిన్ ఆరోరా అయింది. ఇంట్లో కిట్టీ అని పిలిచేవాళ్లు. తాతగారి ఇంట్లో ప్రేమకు లోటు లేకపోయినా తల్లి వైపు వాళ్లతో రాకపోకలు లేవు. ఉత్తరం రాసినా అది ఇల్లు దాటదని పిల్లలకు తెలుసు. అన్నాచెల్లెళ్లు అమ్మ గురించి, నానీ గురించి తమలో తామే చెప్పుకునేవాళ్లు. 1812లో విలియం మరుగుతున్న నీళ్ల గుండిగలో పడి జన్మంతా వికలాంగుడిగా మిగిలాడు. 1828లో చిన్న వయసులోనే చనిపోయాడు.

ఇక్కడ ఖైరున్నిసా కష్టాలు వేరు. భర్త సమాధి చూడటానికి తల్లితో కలిసి కలకత్తా వెళ్లింది. అక్కడ, భర్త దగ్గర పనిచేసిన యువ అధికారి హెన్రీ రస్సెల్‌కు దగ్గరైంది. అది తెలిశాక మీర్ ఆలం ఆమెను హైదరాబాద్‌లో అడుగు పెట్టనివ్వలేదు. మచిలీపట్నంలో ఉండాల్సి వచ్చింది. రస్సెల్ ఆమెను వదిలేసి 1808లో మద్రాసులో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మీర్ ఆలం చనిపోయాకే ఆమె తన ఊరికి తిరిగి రాగలిగింది. 1813 సెప్టెంబర్ 22న హైదరాబాద్‌లోనే కన్నుమూసింది. పిల్లల్ని మళ్లీ చూడలేదు. వయసు 27 ఏళ్లు.

ఒక బొమ్మ, ఒక కబురు

కిట్టీ పెద్దదైంది. రచయిత థామస్ కార్లైల్ ఆమెను ఎరిగినవాడే. 1829లో ఒక సైనికాధికారిని పెళ్లాడింది, పిల్లలు పుట్టారు. తర్వాత చాలా ఏళ్లకు, ఇంగ్లండ్‌లో స్వాలోఫీల్డ్ అనే ఊళ్లోని పెద్ద భవంతికి చూడటానికి వెళ్లింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. అక్కడ గోడ మీద తనదీ, అన్నదీ నిలువెత్తు చిత్రం! మద్రాసులో చిన్నరీ గీసిందే. చూసి భోరున ఏడ్చింది.

అక్కడి నుంచి దారులు తెరుచుకున్నాయి. హైదరాబాద్ రెసిడెన్సీలో పనిచేస్తున్న డంకన్ మాల్కం ద్వారా కబురు కదిలింది. ఆయన చిన్నాన్న జాన్ మాల్కం ఒకప్పుడు కిర్క్‌ప్యాట్రిక్ దగ్గర పనిచేసినవాడు. నానీ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసింది. ఆస్తులు పోయాయి, వయసు మీద పడింది, అయినా మనవరాలి కోసం ఎదురు చూస్తోంది.

1841 ప్రాంతంలో మొదలైన ఉత్తరాలు ఆరేళ్లు నడిచాయి. నానీ ఫార్సీలో రాయించేది, మనవరాలు ఇంగ్లీషులో రాసేది, మధ్యలో ఎవరో ఒకరు తర్జుమా చేయాలి. తన జ్ఞాపకంలో ఉన్న ఇల్లు సరైనదేనా అని కిట్టీ నానీని అడిగింది. వరండా, దర్జీలు కూర్చుని కుట్టే చోటు, మేడ మీద అమ్మ తనను కూర్చోబెట్టి జారనిచ్చిన చోటు ఆమెకు గుర్తున్నాయి. కలలో అమ్మ కనిపిస్తే ఎంతో సంబరంగా ఉంటుందనీ, కానీ ఒక్కోసారి తను మాట్లాడే ఇంగ్లీషు అమ్మకు అర్థం కాక కలలోనే బాధపడతాననీ రాసుకుంది. మూడేళ్ల వయసులో హైదరాబాదీ జబాన్ మాట్లాడిన పాపకు 40 ఏళ్లు వచ్చేసరికి అమ్మతో కలలో మాట్లాడటానికి కూడా భాష మిగల్లేదు.

ఇందులో మన లెక్క

కిర్క్‌ప్యాట్రిక్‌ను చెడ్డ తండ్రి అనలేం. నికాహ్ దాచినా భార్యను వదల్లేదు. పిల్లలకు డబ్బు, చదువు, చిరునామా అన్నీ ఏర్పాటు చేశాడు. కానీ సంబంధాలన్నిటినీ తన ఒక్కడి ద్వారానే నడిపాడు. అదే లోటు.

ఇప్పుడు ఓడలు లేవు, ఏడాది ఎదురుచూపులు లేవు. అయినా తండ్రి పోతేనో, తలాక్ అయితేనో, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తేనో అక్కడి పిల్లలకు ఇక్కడి నానీ, దాదీ ఎవరో తెలియకుండా పోయే ఇళ్లు ఇప్పుడూ ఉన్నాయి. చేయాల్సింది పెద్ద పనేం కాదు. పిల్లల ఫోన్‌లో నానీ నంబర్ నేరుగా ఉండాలి, నానీ దగ్గర పిల్లలది ఉండాలి. రెండు వైపులా కనీసం ఇద్దరికి చిరునామాలు తెలియాలి. ఇంట్లో ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు, పిల్లలకు నాలుగు ముక్కలు వచ్చి ఉండాలి. మధ్యలో తర్జుమా చేసే మనిషి ఎప్పుడూ దొరకడు.

షరఫున్నిసా 1847 జూలై 21న చనిపోయింది. కిట్టీ 1889 వరకు బతికి ఇంగ్లండ్‌లోని టార్కీలో కన్నుమూసింది. నానీ, మనవరాలు మళ్లీ కలుసుకోనే లేదు. ఆ చిన్నరీ చిత్రం ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు దగ్గర ఉంది. అందులో ఇద్దరు పిల్లలు ఇంకా హైదరాబాదీ దుస్తుల్లోనే నిలబడి ఉన్నారు.