పండ్ల పానీయానికి పేరిచ్చిన జేమ్స్ పిమ్

జేమ్స్ పిమ్ పేరు నేడు అనేక దేశాలలో ఒక మద్యపు సీసాపై కనిపిస్తుంది. ఆ పేరు ఒక రైతుబిడ్డదని ఎరిగినవారు అరుదు.

పిమ్ 1798లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, న్యూన్‌హామ్ అనే పల్లెలో జన్మించాడు. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ లండన్ చేరి ఆల్చిప్పల వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1823లో నగరం నడిబొడ్డున ఆల్చిప్పల భోజనశాలను తెరిచాడు.

అంతకు ముందు శతాబ్దంలో జిన్ లండన్ పేదలను పీల్చి పిప్పి చేసింది. ధాన్యపు సారాకు జూనిపర్ కాయల సువాసన పట్టించిన ఈ మద్యం చవకగా లభించడంతో ఎన్నో సంసారాలు వీధిన పడ్డాయి. చివరకు 1751లో పార్లమెంటు చట్టం చేసి దానిని అదుపు చేయవలసి వచ్చింది. అటువంటి జిన్‌లో పిమ్ మూలికలను, పండ్ల సారాన్ని కలిపి, భుజించినవారికి అరుగుదల కోసమని చిన్న పాత్రలలో అందించాడు. అదే ‘నంబర్ వన్ కప్’గా ప్రసిద్ధి పొందింది. దాని పూర్తి పాళ్లు నేటికీ వ్యాపార రహస్యమే.

మద్యంలో పండ్ల రసం, తీపి, సుగంధం కలిపే ఆచారానికి తెలుగు తీరంతోనూ బంధముంది. ‘పంచ్’ అనే ఆంగ్ల పానీయపు పేరు మన ‘పంచ’ నుండే, అంటే అయిదు దినుసుల నుండే వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. ఆ పేరు కనిపించే తొలి ఆంగ్ల లేఖలలో ఒకటి 1632లో పెత్తపల్లిలోని, అనగా నేటి నిజాంపట్నంలోని, ఈస్టిండియా కంపెనీ వర్తకునికి రాసినది.

పిమ్ 1865లో వ్యాపారాన్ని అమ్మివేసి, 1866లో కన్నుమూశాడు. 1880లో దానిని చేపట్టిన హొరేషియో డేవిస్ కాలంలో ఆ పానీయం బ్రిటిష్ వలసలకు పాకింది. సృష్టికర్తకు మిగిలినది పేరు మాత్రమే. లాభం ఇతరుల పాలైంది.

దానిని కలిపే తీరు సులభం. ఒక పాలు మద్యానికి మూడు పాళ్లు తీపి నిమ్మ సోడా పోసి, మంచుగడ్డలు, కీరదోస, నారింజ, స్ట్రాబెరీ ముక్కలు, పుదీనా ఆకులు వేస్తారు. సీసాలోని మద్యంలో ఆల్కహాలు ఒకప్పుడు 25 శాతం ఉండేది. తీపి వల్ల ఘాటు తెలియకపోయినా మత్తు తగ్గదు.

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ సరిహద్దు పల్లెలలో వేసవి తాపం తీర్చుకొనుటకు ఆ మద్యం అవసరమే లేదు. రెండు బత్తాయిల రసం, ఒక నిమ్మకాయ రసం, తగినంత చక్కెర, చిటికెడు ఉప్పు, కీరదోస ముక్కలు, నలిపిన పుదీనా చల్లని కుండనీటిలో కలిపి కాసేపు ఉంచితే పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ సేవించదగిన పానీయం సిద్ధమవుతుంది.

కూలి డబ్బు సారా అంగడికి చేరితే ఇంటి పొయ్యి ఏమవుతుందో సరిహద్దు తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడినది ఆ బాధతోనే. పిమ్ పానీయానికి రుచినిచ్చిన పండ్లు, పుదీనా మన పెరటిలోనూ ఉన్నాయి. వాటితో జిన్‌ను జతచేయడమే మనకు అక్కరలేనిది.