అయ్యగారి సాంబశివరావుగారు

యంత్రమును నడుపుట ఒక విద్య. ఆపవలసిన క్షణమున తప్పక ఆపుట మఱియొక విద్య. ఈ రెండవ విద్యకు మన దేశమున పునాదులు వేసిన తెలుగువారిలో డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు స్మరణీయులు. ఎల్.బి.నగరు నుండి ఉప్పలు మీదుగా ఉత్తరమునకు పోయినచో ఈసీఐఎల్ చౌరస్తా వచ్చును. దాని చేరువనే ఏ.ఎస్.రావు నగరు కలదు. దిల్‌సుఖ్‌నగరు పరిసరములందు ఆ పేరు వినినవారు పెక్కుమంది. ఆ పేరుగల మహనీయుని ఎఱిగినవారు కొందఱే.

సాంబశివరావుగారు 1914వ సంవత్సరమున పశ్చిమగోదావరి సీమలోని మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, అచటనే అధ్యాపకులైరి. పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు చదివిరి. స్వదేశమునకు మరలివచ్చి హోమీ భాభాగారితో చేరి, అణుశక్తి పరిశోధనకు వలయు ఎలక్ట్రానిక్ పరికరములను మన చేతులతోనే నిర్మించు శాఖను పెంపొందించిరి.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో మన దేశపు తొలి అణురియాక్టరు అప్సర మేల్కొనెను. దాని ఇంధనము బ్రిటను నుండి వచ్చెను. నియంత్రణ పరికరములను మాత్రము రావుగారి బృందమే నిర్మించెను. ఇది సామాన్యమైన బాధ్యత కాదు. రియాక్టరులోని గొలుసుచర్య మితిమీఱినచో, మనుష్యుని చేయి మీటను చేరులోపలనే అపాయము ముంచుకొని రావచ్చును. దానిని కనిపెట్టు కన్నును, ఆపు చేయియు పరికరములే. మఱి ఆ పరికరమే చెడినచో?

రక్షణశాస్త్రపు మూలసూత్రము ఈ ప్రశ్నయందే కలదు. ఇట్టి రియాక్టరులలో న్యూట్రానులను మ్రింగు కడ్డీలను విద్యుదయస్కాంతములు పైకెత్తి పట్టియుంచును. అపాయసూచన కలిగినంతనే ఆ విద్యుత్తు తెగును. కడ్డీలు తమ బరువుచేతనే లోనికి జాఱి గొలుసుచర్యను ఆపివేయును. తీగ తెగినను, కరెంటు పోయినను ఫలిత మదియే. అనగా రక్షణసాధనమునకే లోపము కలిగినను, అది క్షేమము వైపునకే ఒఱగవలెను.

ఈ సూత్రము మనకు దూరమైనది కాదు. పిండిగిర్నీ మోటారు స్టార్టరును చూడుడు. అందలి కాయిలు కరెంటున్నంతవఱకే కాంటాక్టులను పట్టియుంచును. కరెంటు పోగానే విడుచును. తిరిగి వచ్చినను మీట నొక్కనిదే మోటారు తిరుగదు. ఆ వేళ బెల్టును సవరించుచున్న పనివాని చేతిని కాపాడునది ఇదియే. అట్లే, ఓవర్‌లోడు రిలే మోటారును ఆపినపుడు కారణము వెదకక, రిలేను తప్పించి యంత్రమును నడుపువారు తమ కావలివానినే తఱిమివేయుచున్నారు.

1966లో భాభాగారు విమానప్రమాదమున అస్తమించిరి. మఱుసటి యేడు, 1967లో, హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసెను. రావుగారు దానికి సారథులై, రియాక్టరు నియంత్రణ పరికరములు మొదలు టెలివిజనులు, కంప్యూటరుల వఱకు మన నగరమున తయారగునట్లు చేసిరి. 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ పురస్కారము, 1972లో పద్మభూషణ్ వారిని వరించెను. 2003లో వారు పరమపదించిరి.

పల్లెటూర పుట్టిన బాలుడు విద్యాబలముచే ఇంతవాడగుట గ్రంథాలయముల నాశ్రయించు మన బాలబాలికలకు ధైర్యదాయకము. వారిలో విద్యుత్ విద్య నభ్యసించు ప్రతివారును యంత్రము ఎంత వేగముగా తిరుగునని అడుగుటకు ముందు, ఏది చెడినను ఎట్లు ఆగునని అడుగుట నేర్తురుగాక!